టోటల్ ఎన్నేళ్లు, రిలవెంట్ ఎన్నేళ్లు?

ఉద్యోగం మారిన ప్రతి సాఫ్ట్‌వేర్ వాడికీ ఈ పట్టిక తెలుసు. కన్సల్టెన్సీ వాళ్లు మెయిల్లో పంపుతారు. కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్... వాటన్నిటికీ పైన రెండు గడులు. ఒకటి టోటల్ ఎక్స్‌పీరియన్స్, రెండోది రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్. నాలుగేళ్లు టెస్టింగ్ చేసి డెవలప్‌మెంట్‌లోకి వెళ్దామనుకున్నవాడు మొదటి గడిలో 4 అని టకటకా కొట్టేస్తాడు. రెండో గడి దగ్గర ఆగి, స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. "ఎంత వేయమంటావు?" అని.

సరిగ్గా ఈ రెండు గడుల గురించే యాభై ఏళ్లుగా తర్జనభర్జన పడుతున్న ఆట ఒకటుంది. దాని పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్. ఎడిషన్ మారినప్పుడల్లా ఈ ప్రశ్నకి జవాబు కూడా మారింది. ఆ జవాబుల చరిత్ర చెబుదామనే ఈ టపా. ఆట ఆడనివాళ్లు పారిపోవక్కర్లేదు, మన ఉద్యోగాల భాషలోనే చెప్తాను :-)

ముందు ఆట సంగతి క్లుప్తంగా. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజియన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు, తీర్పు చెప్పేవాడు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను తలుపు తన్నుతాను", "నేను మంత్రం వేస్తాను" అంటుంటారు. పని జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెప్తుంది. మనలో చాలామందికి ఇది 2016లో వచ్చిన స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్లో పిల్లలు ఆడే ఆటగా తెలుసు. కొందరు 2023లో బాల్డర్స్ గేట్ 3 కంప్యూటర్లో ఆడి ఇటు వచ్చారు. మా ముఠా ఆదివారం మధ్యాహ్నాలు నాచారం హెచ్ఎంటీ నగర్లో ఒక స్నేహితుడి ఫ్లాట్లో కూర్చుంటుంది. నేను ఉప్పల్ నుంచి వెళ్తాను. స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆట రద్దు. ఆ ట్రాఫిక్కి ఏ మంత్రమూ పనిచేయదు.

ఇక క్లాస్ అంటే ఏంటి? అష్టాచెమ్మాలో, వైకుంఠపాళిలో కాయలన్నీ ఒకటే, రంగు తప్ప తేడా లేదు. చదరంగంలో అలా కాదు. ఏనుగు ఏనుగే, గుర్రం గుర్రమే. ఒక్క బంటుకి మాత్రం చివరి వరుస చేరితే ప్రమోషన్ ఉంటుంది. డి అండ్ డిలో పాత్ర తయారు చేసేటప్పుడు మొదట ఎంచుకునేది ఈ క్లాసే. కత్తి పట్టేవాడా, మంత్రం వేసేవాడా, దేవుణ్ణి నమ్ముకున్నవాడా అన్నది. కాయతో నెలలు, ఏళ్లు ఆడతాం కాబట్టి మధ్యలో బుద్ధి మారడం సహజం. ఏనుగు గుర్రం కావాలనుకుంటే ఏం చేయాలి? అప్పటిదాకా ఏనుగుగా గడించింది ఏమవుతుంది?

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మొదటి పెట్టె వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. టీఎస్ఆర్ అనే బుల్లి కంపెనీ వెయ్యి కాపీలు వేసింది, ధర పది డాలర్లు. అందులో క్లాసులు మూడే: యోధుడు, మంత్రగాడు, క్లెరిక్. ఈ క్లెరిక్ పుట్టిన కథ బాగుంటుంది. ఆర్నెసన్ బృందంలో ఒకాయన సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్ర వేసి అందర్నీ చావగొడుతుంటే, ఆయనకి విరుగుడుగా పిశాచాలని తరిమే పూజారిని పుట్టించారు. అంటే ప్రొడక్షన్లో బగ్ వచ్చిందని వేసిన ప్యాచ్ యాభై ఏళ్ల తర్వాత కూడా నడుస్తోంది. మనకి తెలియని సంగతేం కాదు. దొంగ క్లాస్ మరుసటేడు, 1975లో, గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకంలో వచ్చింది.

ఆ మొదటి పుస్తకంలోనే క్లాస్ మారడం గురించి నాలుగు ముక్కలున్నాయి. మనుషులైతే మారొచ్చు, కానీ వెళ్లదలచిన క్లాసుకి ముఖ్యమైన గుణం (యోధుడికి బలం, మంత్రగాడికి తెలివి, అలా) 16 లేదా అంతకు మించి ఉండాలి. పైగా మారడం మంచిది కాదని ఒక సలహా. మంత్రగాడు క్లెరిక్ కావడం, క్లెరిక్ మంత్రగాడు కావడం మాత్రం ఏ పరిస్థితిలోనూ కుదరదు. ఎల్ఫ్ అనే జాతికి మాత్రం ఒక వెసులుబాటు ఇచ్చారు. ఈ సాహసానికి యోధుడిగా, తర్వాతి సాహసానికి మంత్రగాడిగా, ఆట ఆటకీ మారిపోవచ్చు, ఆట మధ్యలో మాత్రం కూడదు. అంతా బానే ఉందనిపిస్తుందా? ఆగండి. ఎల్ఫ్ యోధుడిగా నాలుగో లెవెల్ దాటడు, మంత్రగాడిగా ఎనిమిది దాటడు. డ్వార్ఫ్ అయితే అసలు యోధుడు తప్ప ఇంకేం కాకూడదు, అదీ ఆరో లెవెల్ దాకానే. హాబిట్ కూడా యోధుడే కావాలి, నాలుగుతో సరి. మనిషికి మాత్రం పైకప్పు లేదు.

1978లో అడ్వాన్స్‌డ్ డి అండ్ డి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి ఈ కట్టడి పెద్ద పట్టికలుగా పెరిగింది. ఏ జాతి ఏ క్లాసులు తీసుకోవచ్చు, ఎంతవరకు ఎదగొచ్చు, అన్నీ రాసిపెట్టారు. డ్వార్ఫ్ బలం 18 ఉన్నా యోధుడిగా తొమ్మిదో లెవెల్లో ఆగిపోవాలి. ఎల్ఫ్ తెలివి 18 ఉన్నా మంత్రగాడిగా పదకొండు దగ్గర ఆగాలి. దొంగతనానికి మాత్రం పరిమితి లేదు, ఎంతైనా ఎదగొచ్చు! బదులుగా వీళ్లకి ఇచ్చిన రాయితీ మల్టీక్లాస్. అంటే పుట్టుకతోనే రెండు మూడు క్లాసులు ఒకేసారి. వచ్చిన అనుభవ పాయింట్లని సమానంగా పంచుకోవాలి. తమాషా ఏంటంటే, ఒక క్లాసులో పైకప్పు తగిలి ఇక ఎదగలేని స్థితి వచ్చాక కూడా ఆ వాటా దానికే పోతుంది. పని చేస్తూనే ఉంటావు, సగం జీతం గాలికి పోతుంది.

గైగాక్స్ దీనికి కారణం దాచలేదు. ఈ లోకం మనుషుల చుట్టూ తిరగాలి, వందల ఏళ్లు బతికే ఎల్ఫులకి హద్దు లేకపోతే మనుషులు ఎందుకూ కొరగారు అన్నది ఆయన వాదం. ఆట రాసేవాడి తర్కంగా చూస్తే అర్థమవుతుంది. కానీ మన దేశంలో పుట్టినవాడు ఆ పట్టిక చదివితే కలిగే అనుభూతి వేరు. ఫలానా కడుపున పుడితే ఫలానా పనే చేయాలి, ఫలానా మెట్టు దాకానే ఎక్కాలి. ఇది మనకి కల్పన కాదు కదా. ఇదే కంపెనీ బేసిక్ అనే సరళమైన ఆటనూ సమాంతరంగా అమ్మింది. దాని 1981 కూర్పులో ఇంకో అడుగు ముందుకేశారు. అందులో డ్వార్ఫ్, ఎల్ఫ్, హాఫ్లింగ్ అనేవే క్లాసులు. మనిషి యోధుడో మంత్రగాడో దొంగో అవుతాడు. డ్వార్ఫ్ మాత్రం డ్వార్ఫ్ అవుతాడు. పుట్టుకే ఉద్యోగం. నన్నడిగితే ఆడటానికి అది చాలా హాయైన పుస్తకం, ఇప్పటికీ దాన్ని ఇష్టపడేవాళ్లు బోలెడుమంది. ఈ ఒక్క ముక్క మాత్రం గొంతులో అడ్డం పడుతుంది.

సరే, మనుషుల సంగతికొద్దాం. అడ్వాన్స్‌డ్‌లో మనిషికి మల్టీక్లాస్ లేదు, డ్యూయల్ క్లాస్ ఉంది. నాకు ఈ ఆట మొత్తంలో అన్నిటికంటే నచ్చిన రూలు, అన్నిటికంటే క్రూరమైన రూలు ఇదే. పాత క్లాసు ముఖ్య గుణం 15 ఉండాలి, కొత్త క్లాసుది 17 ఉండాలి. (మూడు పాచికలు మాత్రమే వేస్తే 17 గానీ 18 గానీ పడే అవకాశం 216లో 4. పాత్రలు తయారు చేయడానికి అంతకంటే ఉదారమైన పద్ధతులూ ఉన్నాయనుకోండి.) మారిన క్షణం నుంచి మీరు మళ్లీ ఒకటో లెవెల్. పాత క్లాసులో ఇక ఎప్పటికీ ఎదగరు. పాత ప్రాణశక్తి మాత్రం మిగులుతుంది. అసలు మెలిక ఇప్పుడొస్తుంది. పాత విద్య మర్చిపోలేదు, చేతిలోనే ఉంది. కానీ దాన్ని వాడారంటే ఆ సాహసంలో మీకు అనుభవ పాయింట్లు సున్నా. కొత్త లెవెల్ పాత లెవెల్‌ని దాటిన రోజున మాత్రం ముడి విడిపోతుంది, ఆ తర్వాత రెండూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

ఇది చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు, ఎందుకంటే ఇది నా బయోడేటా. నేను మెకానికల్. బీటెక్ అయ్యాక రెండేళ్లు ఒక ఫ్యాక్టరీలో (పేరెందుకులెండి) క్వాలిటీ విభాగంలో వెర్నియర్, మైక్రోమీటర్ పట్టుకుని తిరిగాను. తర్వాత ఉప్పల్ నుంచి రోజూ అమీర్‌పేటకి మెట్రోలో వెళ్లి కోచింగ్ తీసుకుని సాఫ్ట్‌వేర్లోకి వచ్చాను. టోటల్ 2, రిలవెంట్ 0, ఫ్రెషర్ జీతం. అంతవరకు న్యాయమే, ఒప్పుకుంటాను. మొదటి ప్రాజెక్ట్ క్లయింట్ యంత్రభాగాలు తయారుచేసే కంపెనీ. ఒక స్క్రీన్లో కొలతల టాలరెన్స్ ప్లస్సుకి ఒకటి, మైనస్సుకి ఒకటి ఉండాల్సింది, ఒకే గడి పెట్టారు. షాఫ్టు రంధ్రంలో బిగుసుకోవాలా వదులుగా తిరగాలా అన్నది ఆ రెండు అంకెల మీదే ఆధారపడుతుంది. చెప్పాను. "అది ఫంక్షనల్ టీమ్ చూసుకుంటుంది, నువ్వు నీ టికెట్లు క్లోజ్ చెయ్" అన్నారు. రెండు నెలల తర్వాత అదే విషయం క్లయింట్ నుంచి డిఫెక్టుగా వచ్చింది. నా అప్రైజల్లో మాత్రం ఆ నెల టికెట్లు తక్కువ క్లోజ్ చేశానని ఉంది. పాత విద్య వాడితే పాయింట్లు సున్నా అని 1978లోనే రాసి పెట్టారు మరి!

రూల్లో ఆఖరి వాక్యం కూడా నిజమే. మూడో ఏడు దాటాక తయారీ రంగం ప్రాజెక్టులోనే ఇంకో టీంకి వెళ్లాను. అక్కడ కోడ్ రాయడమూ తెలిసి, డ్రాయింగ్ చదవడమూ తెలిసినవాడు కావాల్సొచ్చింది. ముడి విడిపోయింది.

ఈ మొదటి ఎడిషన్లోనే బార్డ్ అని ఒక క్లాస్ ఉంది, పుస్తకం వెనక అనుబంధంలో పడేశారు. ముందు యోధుడిగా కొన్ని లెవెళ్లు, తర్వాత దొంగగా కొన్ని, ఆ తర్వాత డ్రూయిడ్ల దగ్గర శిష్యరికం, అప్పుడు బార్డ్. మనవాళ్లు బీటెక్ చేసి, ఎమ్మెస్ చేసి, ఆపైన ఎంబీఏ చేసినట్టు. 1989లో డేవిడ్ కుక్ నేతృత్వంలో వచ్చిన రెండో ఎడిషన్ బార్డ్‌ని మామూలు క్లాస్ చేసింది. లెవెల్ పరిమితుల్ని కాస్త పెంచింది గానీ తీసేయలేదు. డ్యూయల్ క్లాస్ అలాగే ఉంది. 1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ కంప్యూటర్ ఆట ఈ రూళ్ల మీదే నడిచింది. మా సీనియర్లలో డ్యూయల్ క్లాస్ అంటే కళ్లు మెరిసేవాళ్లంతా ఆ బ్యాచే.

ఇంకో చిన్న విషయం చెప్పి ముందుకెళ్తా. అప్పటిదాకా ఒక్కో క్లాసుకి ఒక్కో ప్రమోషన్ పట్టిక. రెండో లెవెల్‌కి దొంగకి 1,250 పాయింట్లు చాలు, యోధుడికి 2,000, మంత్రగాడికి 2,500 కావాలి. మంత్రగాడు మొదట్లో బక్కప్రాణి, చివర్లో బ్రహ్మరాక్షసుడు, అంచేత నెమ్మదిగా ఎక్కించారు. ఇన్ని రకాల పట్టికలు ఉన్నంతకాలం ఒక క్లాసు లెవెల్‌ని ఇంకో క్లాసు లెవెల్‌కి కలపడం కుదరదు. రూపాయలకి డాలర్లు కూడినట్టు ఉంటుంది.

టీఎస్ఆర్ అప్పుల్లో మునిగాక 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది, ఆ కంపెనీని 1999లో హాస్‌బ్రో కొంది. 2000లో జోనథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ కలిసి మూడో ఎడిషన్ తెచ్చారు. వీళ్లు చేసింది నిజంగా రీఆర్కిటెక్చర్. అన్ని క్లాసులకీ ఒకటే పాయింట్ల పట్టిక. లెవెల్ పరిమితులు పోయాయి. ఏ జాతివాడైనా ఏ క్లాసైనా కావొచ్చు. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ క్లాసులో పెంచుకుంటావో నీ ఇష్టం. యోధుడు 3, దొంగ 2, మంత్రగాడు 1 అయితే మొత్తం ఆరో లెవెల్. పోరాట నైపుణ్యం అంకెలు అన్నిట్నుంచీ కూడిక. ఇరవై ఆరేళ్ల తలుపు తెరుచుకుంది. మొదటి గడి గెలిచింది, టోటల్ ఎక్స్‌పీరియన్సే లెక్క.

గెలిచిందా? కాగితం మీద గెలిచింది. పదేళ్లు యోధుడు, పదేళ్లు మంత్రగాడు (లెవెళ్లని ఏళ్లు అనుకుందాం) చేసినవాడికి ఐదో స్థాయి మంత్రాలు వస్తాయి. ఇరవై ఏళ్లూ మంత్రగాడిగా ఉన్నవాడికి తొమ్మిదో స్థాయి మంత్రాలు. ఇరవయ్యో లెవెల్ శత్రువు ముందు ఐదో స్థాయి మంత్రం దోమకి విసనకర్ర. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఆపలేదు, కానీ తేడా ఆట సగంలో గానీ తెలిసిరాదు. పాత రూలు మొహం మీదే జరిమానా చెప్పేది. కొత్త రూలు దాన్ని పట్టికల మధ్య దాచింది. దీనికి తోడు ప్రతి జాతికీ ఇష్టమైన క్లాస్ ఒకటి పెట్టి, లెవెళ్లు ఎగుడుదిగుడుగా ఉంటే 20 శాతం పాయింట్ల కోత కూడా పెట్టారు. పాలడిన్, మాంక్ అయితే బయటికెళ్తే మళ్లీ ఆ క్లాసులో ఎదగడానికి వీల్లేదు. రిజైన్ చేసినవాణ్ణి మళ్లీ తీసుకోని కంపెనీలన్నమాట.

ఇటువైపు తెలివైనవాళ్లు ఇంకో దారి కనిపెట్టారు. రేంజర్ ఒకటో లెవెల్లోనే రెండు చేతులా కత్తులు తిప్పే విద్య ఊరికే వస్తుంది, కాబట్టి అందరూ ఒక్క లెవెల్ రేంజర్ చేసి ఆ విద్య పట్టుకుని బయటికొచ్చేవాళ్లు. మూడు నెలలు చేసిన టెక్నాలజీని రెజ్యూమెలో బోల్డ్‌గా పెట్టేవాళ్లు మనలో లేరా? 2003లో వచ్చిన 3.5 సవరణలో ఆ విద్యని రెండో లెవెల్‌కి జరిపి కన్నం పూడ్చారు. మంత్రాలు రెండు రకాలూ నేర్చుకుని చితికిపోయినవాళ్ల కోసం మిస్టిక్ థియర్జ్ అనే ప్రత్యేక క్లాస్ పెట్టారు. అందులో ఎదిగితే రెండు వైపులా మంత్రాలు పెరుగుతాయి. మొదటి పునాదిని సరిచేయకుండా పైన అడాప్టర్ వేయడం. లెగసీ కోడ్ చూసినవాళ్లెవరికైనా ఈ వాసన తెలుస్తుంది.

2008లో నాలుగో ఎడిషన్. ఐపీఎల్ మొదలైంది కూడా ఆ ఏడే, కాకతాళీయం. ఈసారి ప్రతి క్లాసుకీ జట్టులో ఒక పని అంటగట్టారు: ముందు నిలబడి దెబ్బలు కాసేవాడు, గట్టిగా కొట్టేవాడు, మిగతావాళ్లని లేపి నిలబెట్టేవాడు, మైదానాన్ని అదుపులో ఉంచేవాడు. క్లాస్ మారడం దాదాపు మూసేశారు. ఇంకో క్లాసు విద్య కావాలంటే ఒక్కో ఫీట్ ఖర్చుపెట్టి ఒక్కో శక్తిని అద్దెకి తెచ్చుకోవాలి. 2010లో హైబ్రిడ్ అని సగం సగం కలిపే పద్ధతి ఇచ్చారు గానీ అప్పటికే చాలామంది వేరే ఆటలకి వెళ్లిపోయారు. జట్టు సమతూకంగా ఉండాలంటే మనుషులు తమ తమ గడుల్లో ఉండాలి అన్నది ఆ ఎడిషన్ నమ్మకం.

మా ఉప్పల్ స్టేడియంలో ఈ నమ్మకాన్ని రెండుసార్లు ప్రయోగం చేసి చూశారు. అక్కడ మొదటి వన్డే 2005 నవంబర్ 16న, ఇండియా దక్షిణాఫ్రికా మధ్య జరిగింది. యువరాజ్ సెంచరీ కొట్టినా మనం ఓడిన మ్యాచ్. అప్పట్లో సూపర్ సబ్ అనే రూలు నడుస్తోంది, మ్యాచ్ మధ్యలో ఒకర్ని తీసేసి ఇంకొకర్ని దింపొచ్చు. పేరు మాత్రం టాస్‌కి ముందే ఇవ్వాలి. టాస్ ఓడితే ఆ సబ్ ఎందుకూ పనికిరాకుండా పోయేవాడు. 2006 మొదట్లోనే ఎత్తేశారు. అదే ఆలోచన 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ పేరుతో ఐపీఎల్లోకి వచ్చింది, ఈసారి పేర్లు టాస్ అయ్యాక ఇవ్వొచ్చు. 2024 మార్చి 27న ఇదే ఉప్పల్లో సన్‌రైజర్స్ 277 కొట్టింది, ముంబై 246 కొట్టి ఓడింది. అదనపు బ్యాట్స్‌మన్ ఉన్నాడన్న ధైర్యం అన్ని జట్లకీ ఉన్న కాలం అది. అంతా కేరింతలు కొట్టాం. ఆ సీజన్లోనే రోహిత్ శర్మ ఈ రూలు తనకి నచ్చలేదని, ఆల్‌రౌండర్లు ఎదగకుండా పోతారని బయటికే చెప్పాడు. ఆయన మాటలో పాయింటుంది. జట్టుకి వెసులుబాటు ఇచ్చారు, దాని ఖర్చు రెండు పనులూ కొంచెం కొంచెం తెలిసిన ఒక్కడి మీద పడింది. బెంచ్ మీద స్పెషలిస్టులు దొరుకుతుంటే రెండు పనులు తెలిసినవాణ్ణి ఎవరు పెంచుతారు? ప్రాజెక్టుల్లో ఇది రోజూ చూస్తున్నదే.

2014లో ఐదో ఎడిషన్ రాజీకొచ్చింది. మల్టీక్లాస్ ఉంటుంది, కానీ ఐచ్ఛికం, డంజియన్ మాస్టర్ ఒప్పుకుంటేనే. వదిలే క్లాసుకీ చేరే క్లాసుకీ ముఖ్య గుణం 13 ఉంటే చాలు, 17 అక్కర్లేదు. నాకు నచ్చింది లెక్క కట్టిన తీరు. ఏ పని చేసినా వచ్చే సాధారణ నైపుణ్యం మొత్తం లెవెల్ మీద పెరుగుతుంది. మంత్రాలు వేసే శక్తి రెండు క్లాసులదీ కలిపి ఒకే పట్టికలో చూస్తారు. కానీ ఏ మంత్రాలు తెలుసన్నది మాత్రం క్లాసు క్లాసుకీ విడిగా లెక్క. క్లెరిక్ 5, మంత్రగాడు 5 అయినవాడికి ఐదో స్థాయి శక్తి ఉంటుంది, తెలిసినవి మాత్రం మూడో స్థాయి మంత్రాలే. పదేళ్ల అనుభవం ఉన్నవాడి ఓర్పు, మీటింగుల్లో మాట్లాడే తీరు కొత్త టెక్నాలజీలోకీ వస్తాయి, సింటాక్స్ మాత్రం రాదు. ఇంత న్యాయంగా మన హెచ్చార్లు కూడా ఎప్పుడైనా లెక్క కడితే బావుండు. దీనికి తోడు సబ్‌క్లాస్ అనే దారి కూడా ఉంది. యోధుడిగానే ఉంటూ కొన్ని మంత్రాలు నేర్చుకోవాలంటే ఎల్డ్రిచ్ నైట్ అయితే సరి, ఉద్యోగం మారకుండా రోల్ మారినట్టు.

ఐదో ఎడిషన్ మీదే కట్టిన బాల్డర్స్ గేట్ 3 ఈ 13 నిబంధన కూడా ఎత్తేసింది. అందులో విథర్స్ అనే ఎండిపోయిన ముసలాయన శిబిరంలో నిలబడి ఉంటాడు. ఆయనకి 100 బంగారు నాణేలిస్తే మొత్తం చెరిపేసి మొదట్నుంచీ మీకు నచ్చిన క్లాసు పెట్టుకోవచ్చు, లెవెల్ అలాగే ఉంటుంది. నేను ఆ ఆటలో నాలుగుసార్లు మారాను. నాలుగోసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, 1978 రూలు చదివినప్పుడు పట్టుకున్న భయం ఎక్కడా లేదు. ఆ భయం లేకపోవడం సుఖమే. పాత్ర మీద మమకారం కూడా కాస్త తగ్గిందని నాకనిపించింది.

ఇక జాతి సంగతి. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ పుస్తకం, పుట్టుకతో వచ్చే గుణాల పెంపుని ఎవరిష్టమొచ్చిన చోట వాళ్లు పెట్టుకోవచ్చంది. 2024 సెప్టెంబర్లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ జాతి అనే మాటే తీసేసి స్పీషీస్ అంది. గుణాల పెంపు పుట్టుక నుంచి పూర్తిగా తప్పించి బ్యాక్‌గ్రౌండ్‌కి ఇచ్చింది. అంటే మీరు ఎక్కడ పెరిగారు, ఏ పని చేస్తూ పెరిగారు అన్నదానికి. యాభై ఏళ్ల తర్వాత ఆ పట్టిక చిరిగింది. మేమంతా ముచ్చటపడి పుస్తకం తెప్పించుకున్నాం.

మా ముఠాలో ఆలేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, డేటాబేస్ అడ్మిన్. తన పాత్రకి మంత్రగత్తె క్లాసు, రైతు బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంది. ఇంట్లో చేసేదే అది మరి. రైతు బ్యాక్‌గ్రౌండ్‌కి పెంచుకోదగ్గ గుణాలు మూడు: బలం, దేహదారుఢ్యం, వివేకం. మంత్రగాళ్లకి ప్రాణం లాంటి తెలివి అందులో లేదు. తెలివి పెంచుకోవాలంటే సేజ్ లాంటి బ్యాక్‌గ్రౌండ్ కావాలి, పుస్తకాల మధ్య పెరిగినవాళ్లదన్నమాట. పండితుడి కొడుకు మంత్రగాడు 15ని 17 చేసుకుని మొదలుపెడతాడు. రైతు కూతురు 15తోనే మొదలుపెట్టాలి. ఆమె పుస్తకం మూసి మా డంజియన్ మాస్టర్ వైపు తిరిగింది. "గిదేందన్నా, మా నాయిన ఎవుసం జేస్తే నాకు తెలివి పెరగదా?"

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. మా డంజియన్ మాస్టర్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషిన్ షాపులో ప్రొడక్షన్ ఇంజనీరు, మా బ్యాచ్ మెకానికల్‌లో క్లాసు మారకుండా ఉండిపోయినవాడు, రూళ్ల విషయంలో మహా పట్టుదల మనిషి. 2014 పుస్తకంలో బ్యాక్‌గ్రౌండ్‌కీ గుణాలకీ సంబంధమే లేదు, ఈ చిక్కు లేదు అని నేను గుర్తుచేశాను. 2024 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో సొంత బ్యాక్‌గ్రౌండ్ తయారు చేసుకునే పద్ధతి ఉంది, కానీ అది అతని చేతిలోని అధికారం, ఆటగాళ్ల హక్కు కాదు. అతను కారణం చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. విత్తనం ప్యాకెట్ వెనక చదివి మందు పాళ్లు లెక్క కట్టడం, బోరు మోటారు కాలిపోతే వైండింగ్ దగ్గర కూర్చుని నేర్చుకోవడం, షావుకారు వడ్డీ లెక్క నోటితో వేసి తప్పు పట్టుకోవడం. ఇదంతా ఏ గుణం కింద రాస్తావని అడిగింది.

బలం కొట్టేసి తెలివి రాశాడు. మిగతావి రైతువే ఉంచాడు: పశువుల్ని మచ్చిక చేసే నైపుణ్యం, ప్రకృతి జ్ఞానం, వడ్రంగి పనిముట్లు, గట్టి పిండమని ఇచ్చే ఫీట్. సేజ్‌కి వచ్చే అదనపు మంత్రాలు మాత్రం ఇవ్వనన్నాడు, ఆమె అడగనూ లేదు. ఆమె మంత్రగత్తె ఇప్పుడు రెండో లెవెల్లో ఉంది. మొన్న కొండ గుహలో విరిగిన వంతెనకి ఆ వడ్రంగి పనిముట్లతోనే కర్రలు బిగించి మమ్మల్ని దాటించింది, దానికి పాయింట్లు కూడా పడ్డాయి. వచ్చే ఆదివారం మూడో లెవెల్‌కి వస్తుంది. ఏ సబ్‌క్లాస్ తీసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.